గతుకుల దారికి టైరు: ముందు వెడల్పు, చివర బుడిపెలు

గ్రావెల్ సైకిల్ (కంకర, మట్టి దారుల్లో తొక్కేది) టైరు ఎవరి చేతికిచ్చినా ముందు బుడిపెల మీద బొటనవేలు వేసి నొక్కి చూస్తారు. బుడిపె ఎంత పెద్దదైతే రాళ్లలో అంత పట్టు దొరుకుతుందని ధీమా. నా వరుస వేరు. ముందు వెడల్పు చూస్తాను. దాన్లో ఎంత తక్కువ గాలితో తొక్కవచ్చో లెక్క వేసుకుంటాను. తర్వాత సైడ్‌వాల్‌ని, అంటే టైరు పక్క గోడని, రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి ఎంత దళసరో చూస్తాను. బుడిపెల సంగతి ఇవన్నీ తేలాకే. ఈ వరుసను తలకిందులు చేసినవాళ్లు పెద్ద బుడిపెలున్న సన్న టైరు కొని, దానికి గట్టిగా గాలి కొట్టి, "ఇంత గ్రిప్పున్న టైరు కూడా జారుతోందేంటి?" అంటుంటారు.

కంకర మీద పట్టు ముఖ్యంగా టైరు రాయి చుట్టూ ఒదిగితే వస్తుంది. తారు రోడ్డు మీద టైరు మొత్తంగా నేలకి ఆనుతుంది. రాళ్ల మీదైతే నాలుగైదు కొసల మీద నిలబడుతుంది. వెడల్పుగా ఉండి, గాలి తక్కువున్న టైరు ఆ కొసల దగ్గర లోపలికి వంగి, కిందున్న ఇంకో నాలుగు రాళ్లని అందుకుంటుంది. గట్టి టైరు ఒక కొస మీంచి ఇంకో కొస మీదికి ఎగురుతుంది. గాల్లో ఉన్న టైరుకి బుడిపెలుంటే ఏం, లేకపోతే ఏం? ఇక గట్టి నేల మీద గులకరాళ్లు పలచగా పరుచుకున్న చోట రాళ్లే దొర్లిపోతుంటాయి, బుడిపె కూడా వాటితోపాటే పోతుంది. అక్కడ ఏ ట్రెడ్డూ (నేలకి ఆనే బుడిపెల పైపొర) కాపాడదు.

ఏ దారి కోసం కొంటున్నారు?

మీరు మామూలుగా తొక్కే దారిని ఒకసారి మొదట్నించి చివరిదాకా తలచుకోండి. గట్టిపడిన మట్టి ఎంత, వదులు కంకర ఎంత, ఇసుక ఎక్కడ, పదును రాళ్లెక్కడ, వానాకాలంలో బురద ఎంత దూరం. ఇక్కడ నేను పాటించే సూత్రం ఒకటే. వెడల్పు, బుడిపెలు ఎక్కువ దూరం ఎలాంటి దారో దాన్ని బట్టి తీసుకోవాలి. సైడ్‌వాల్ మాత్రం దారిలోకెల్లా చెడ్డ చోటుని బట్టి తీసుకోవాలి.

కారణం చెబుతాను. రెండు వందల మీటర్ల ఇసుకలో టైరు కూరుకుపోతే దిగి నడిపించుకుంటూ దాటేస్తారు, పోయేదేమీ లేదు. దానికోసం మిగతా దారంతా బరువైన, బుడిపెల టైరు ఈడ్చడం దండగ. కానీ రెండే వందల మీటర్ల పదును రాళ్లలో సైడ్‌వాల్ చీలితే ఆ రోజు సవారీ అక్కడితో సరి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఎంపోరియా ఊరి నుంచి 2006లో మొదలైన 200 మైళ్ల పోటీ ఒకటి ఉంది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ గ్రావెల్ అంటున్నారు. అది సాగే ఫ్లింట్ హిల్స్ కొండల పేరులోనే చెకుముకి రాయి ఉంది. పెద్ద ఎత్తులేం ఉండవు, కొన్ని చోట్ల దారి నున్నగానే కనిపిస్తుంది. కానీ ఆ చెకుముకి ముక్కల అంచు కత్తే. అక్కడ పోటీ చేసేవాళ్ల మాటల్లో బుడిపెల కన్నా టైరు కోతల గురించే ఎక్కువ వినిపిస్తుంది.

వెడల్పు

టైరు పక్కన రెండు మూడు రకాల కొలతలు అచ్చువేసి ఉంటాయి. వాటిలో నమ్మదగింది 40-622 లాంటిది. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది టైరు అంచు రిమ్ముకి కూర్చునే చోట వ్యాసం. 700సి అన్నా, మౌంటెన్ బైకుల 29 అంగుళాలన్నా ఆ వ్యాసం 622. 650బి అన్నా, 27.5 అంగుళాలన్నా 584. అంటే ఫ్రేములో చోటుంటే 29 అంగుళాల మౌంటెన్ టైరు గ్రావెల్ రిమ్ముకి ఎక్కుతుంది. 2.1 అంగుళాల టైరంటే సుమారు 53 మి.మీ. కొత్త గ్రావెల్ ఫ్రేములు కొన్ని దాన్ని పట్టేంత విశాలంగా వస్తున్నాయి, పోటీల్లో కూడా వాడుతున్నారు.

గట్టిపడ్డ నున్నటి మట్టి, మధ్యమధ్య తారు అయితే 35 నుంచి 38 మి.మీ. చాలు. కలగలుపు దారులకి 40 నుంచి 45. పెద్ద రాళ్లు, పాడైపోయిన బండి బాటలు ఎక్కువైతే 47, ఆపైన. ఏదీ తేల్చుకోలేకపోతే ఫ్రేము ఒప్పుకున్నంతలో వెడల్పైనదే తీసుకోమంటాను.

వెడల్పు టైరు నెమ్మది అన్న భయం ఇంకా ఉంది. దాని వెనక ఒక కథ ఉంది. ల్యాబులో నున్నటి ఇనుప డ్రమ్ము మీద టైరుని తిప్పి కొలిస్తే, గాలి పెంచేకొద్దీ నిరోధం తగ్గుతూనే పోతుంది. అందుకే సన్న టైరు, గట్టి గాలి అన్నది ఎన్నో ఏళ్లు వేదవాక్కులా నడిచింది. కానీ డ్రమ్ము మీద మనిషి ఉండడు, రాళ్లూ ఉండవు. దారి మీద గాలి ఒక హద్దు దాటిందంటే ప్రతి రాయీ సైకిల్‌ని, మీ ఒంటిని పైకెత్తి కింద పడేస్తుంది. ముందుకి పోవాల్సిన శక్తి మీ కండరాల కుదుపులో వేడిగా మారి పోతుంది. దారి ఎంత గరుకైతే ఆ హద్దు అంత కిందే వస్తుంది.

ఫ్రేములో చోటు కొలవడానికి నేను 6 మి.మీ. అలెన్ కీ వాడతాను. టైరు ఎక్కించి గాలి కొట్టాక ఆ కీ టైరుకీ చెయిన్‌స్టేలకీ (వెనక చక్రానికి అటూ ఇటూ పోయే ఫ్రేము గొట్టాలు) మధ్య రెండు పక్కలా, సీటు ట్యూబు వెనక, ఫోర్కు పైభాగం కింద, ఎక్కడా ఒరుసుకోకుండా దూరాలి. ఫ్రంట్ డిరైలర్ (ముందు గేర్లు మార్చే భాగం) ఉంటే దాని వెనక కూడా చూడండి, అక్కడ మర్చిపోతుంటారు. ఆ సందు ఊరికే కాదు. బుడిపెల మధ్య ఇరుక్కున్న రాయి, అంటిన మట్టి, లేచి తొక్కినప్పుడు చక్రం పక్కకి వంగే కాస్త వంపు, అన్నిటికీ అదే చోటు. కార్బన్ ఫ్రేముని ఇరుక్కున్న గులకరాయి ఆకురాయిలా అరగదీస్తుంది.

ఇంకో మాట. అచ్చువేసిన వెడల్పు అసలు వెడల్పు కాకపోవచ్చు. రిమ్ము లోపలి వెడల్పు పెరిగితే టైరు కూడా విచ్చుకుంటుంది. పైగా కొత్త టైరు గాలితో ఒకట్రెండు రోజులు ఉన్నాక కొంచెం సాగుతుంది. అందుకని ఎక్కించిన వెంటనే కాదు, మర్నాడు కొలవండి. 40 నుంచి 45 టైర్లకి లోపలి వెడల్పు 21 నుంచి 25 మి.మీ. ఉన్న రిమ్ములు బాగా కుదురుతాయి. రిమ్ము హుక్‌లెస్ (టైరు అంచుని పట్టే కొక్కెం లేని) రకమైతే టైరు కూడా దానికి సరిపడేదే అయ్యుండాలి. ఆ రిమ్ములకి గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ (రెండూ గాలి ఒత్తిడి కొలతలే) దాటకూడదన్నది ప్రమాణం. గ్రావెల్ టైరులో అంత గాలి ఎలాగూ కొట్టరు.

ఫ్రేము 700సికి ఇరుకైతే 650బి చక్రాలు వేయమనే సలహా వింటుంటాం. పనిచేస్తుంది, కానీ లెక్క చూసుకోండి. 650బి మీద 47 టైరు మొత్తం వ్యాసం 678. సరిగ్గా 700సి మీద 28 టైరుది కూడా అంతే. మీరు అంతకుముందు 700సిలో 40 వాడుతుంటే దాని వ్యాసం 702. అంటే పెడళ్లు 12 మి.మీ. కిందికి దిగుతాయి. పెద్ద రాళ్ల దారిలో పెడల్ రాయికి తగలడం మొదలవుతుంది.

గాలి

ఎవరైనా వచ్చి టైరు మార్చాలనుకుంటున్నామంటే, ముందు ఉన్న టైరులో గాలి తగ్గించి చూడమంటాను. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

మొదలుపెట్టడానికి కొన్ని అంకెలు. మీ బరువు 75 కిలోల దగ్గరుండి, ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైరు 40 మి.మీ. అయితే ముందు 30, వెనక 33 పీఎస్‌ఐ. టైరు 45 అయితే ముందు 26, వెనక 29. బరువు 5 కిలోలు తేడా వచ్చినప్పుడల్లా ఒకటి రెండు పీఎస్‌ఐ పెంచండి, లేదా తగ్గించండి. లోపల ట్యూబుంటే ఇంకో 5 కలపండి. బరువు వెనక చక్రం మీద ఎక్కువ పడుతుంది కాబట్టి ముందు టైరులో ఎప్పుడూ రెండు మూడు తక్కువే ఉండాలి. బ్యాగులు కట్టుకుంటే, అవి ఏ చక్రం మీద ఉన్నాయో ఆ చక్రానికి పెంచాలి.

ఇవి మొదలు మాత్రమే. మీ అంకె మీరే పట్టుకోవాలి. రాళ్లు, ఒక మలుపు, చిన్న ఎక్కుడు ఉన్న అరకిలోమీటరు ముక్క ఒకటి ఎంచుకోండి. అదే వేగంతో మళ్లీ మళ్లీ తొక్కుతూ, ప్రతిసారీ రెండేసి పీఎస్‌ఐ తగ్గించండి. మొదట చేతుల్లో దడ తగ్గుతుంది. తర్వాత ఎక్కుడులో వెనక చక్రం ఖాళీగా గిర్రున తిరగడం ఆగుతుంది. ఇంకా తగ్గిస్తే రెండు కబుర్లలో ఒకటి వస్తుంది. మలుపులో టైరు పక్కకి ఒరుగుతున్నట్టు, హ్యాండిల్ తిప్పిన క్షణం తర్వాత సైకిల్ తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. లేదా రాయి మీద రిమ్ము "ఠక్" మంటుంది. ఏది ముందొచ్చినా అక్కడ ఆగి రెండు పీఎస్‌ఐ పెంచండి. అదే మీ అంకె, కాగితం మీద రాసి పెట్టుకోండి. సవారీ మొత్తంలో రిమ్ము ఎప్పుడో ఒకసారి మెల్లగా తగిలితే నేను పట్టించుకోను. మాటిమాటికీ తగిలితే మాత్రం రిమ్ము సొట్ట పడుతుంది.

దారి మీదికి వెళ్లేలోపు ఇంట్లోనే ఒక అంచనా కావాలంటే కుంగుబాటు కొలవవచ్చు. మీరు ఎక్కి కూర్చుంటే టైరు ఎత్తు 15 శాతం తగ్గాలన్న లెక్కని సైకిల్ రచయిత ఫ్రాంక్ బెర్టో ప్రచారంలోకి తెచ్చారు. 40 మి.మీ. టైరుకి అది 6 మి.మీ. ఒకరు పట్టుకుని, మీరు కూర్చుని, ఇంకొకరు స్కేలు పెట్టి రిమ్ము అంచు నుంచి నేలకి కొలిస్తే తెలిసిపోతుంది. అది తారు రోడ్డుకి చెప్పిన కొలత. గతుకుల్లో అంతకన్నా కాస్త ఎక్కువే కుంగాలి.

ఇదంతా చేయాలంటే మీటరు సరైనది కావాలి. 160 పీఎస్‌ఐ దాకా చూపించే పంపు మీటర్లో 28కీ 33కీ మధ్య ముల్లు వెంట్రుకవాసి కదులుతుంది. తక్కువ గాలిని కొలిచే చిన్న మీటరు విడిగా కొనండి, మిగతా ఆర్భాటాలన్నిటికన్నా ముందు. ఎండ లెక్క కూడా ఉంది. చల్లటి పొద్దున 30 కొట్టిన టైరు 10 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది.

తక్కువ గాలితో తొక్కాలంటే ట్యూబ్‌లెస్ దాదాపు తప్పనిసరి. ట్యూబుంటే రాయికీ రిమ్ముకీ మధ్య అది నలిగి కోసుకుపోతుంది. 40 నుంచి 45 టైరుకి సుమారు 60 మిల్లీలీటర్ల సీలెంట్ (రంధ్రాల్ని మూసే ద్రవం) పోయండి. ముళ్ల దారులైతే ఇంకొంచెం. ఎండలో రెండు మూడు నెలలకే అది ఎండిపోతుంది. టైరు ఊడదీయకుండా చూసే పద్ధతి ఇది. వాల్వుని కింద వైపుకి తెచ్చి సీలెంట్ దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగండి. తర్వాత వాల్వుని మళ్లీ పక్కకి జరిపి, గాలి తీసి, వాల్వు కోరు (వాల్వు లోపలి భాగం) విప్పండి. ఇప్పుడు వాల్వుని తిరిగి కిందికి తెచ్చి సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి లోపలికి దించి తీయండి. తడిగా, పాలలా అంటుకుని వస్తే సరే. పొడిగానో, రబ్బరు ఉండలతోనో వస్తే కొత్తది పోయాల్సిందే.

సైడ్‌వాల్

టైరు మీద టీపీఐ అని ఒక అంకె ఉంటుంది, అంగుళానికి ఎన్ని దారాలో చెప్పేది. 60 అంటే లావు దారాలు, మోటు టైరు. 120 అంటే సన్న దారాలు, మెత్తగా ఒదిగే టైరు. కొన్ని కంపెనీలు ఒకదాని మీద ఒకటి వేసిన పొరలన్నీ కలిపి లెక్క చెబుతాయి, కాబట్టి రెండు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. చూడాల్సింది రక్షణ పొర ఎక్కడిదాకా ఉందన్నది. కొన్నిటిలో ట్రెడ్డు కింద మాత్రమే ఉంటుంది. అది ముళ్లకి సరిపోతుంది, రాళ్లకి కాదు. రాయి కోసేది పక్కన. పదును రాళ్ల దారైతే ఒక అంచు నుంచి రెండో అంచుదాకా పొర ఉన్నదే తీసుకోండి. 40 టైరు తేలిక రకం 400 గ్రాములుంటే, అలాంటిది 500 దాటవచ్చు. ఆ బరువుకి నేను ఎప్పుడూ వంకపెట్టను.

ఇక బుడిపెలు

మధ్యలో నున్నగానో, సన్నటి గీతలతోనో ఉండి పక్కల చిన్న బుడిపెలున్న రకం ఎక్కువ దారులకి సరిపోతుంది. తిన్నగా పోతున్నప్పుడు సాఫీగా దొర్లుతుంది, మలుపులో వంచినప్పుడు పక్క బుడిపెలు అందుకుంటాయి. మెత్తటి నేల, వదులు మట్టి ఎక్కువైతే మధ్యలో కూడా బుడిపెలుండాలి. బురదకి బుడిపెల ఎత్తు కన్నా వాటి మధ్య ఎడం ముఖ్యం. దగ్గర దగ్గరగా ఉంటే మట్టి పట్టి నిండిపోయి, టైరు మొత్తం ఒక మట్టి చట్రమవుతుంది. తడిసిన బండరాయి మీద బుడిపెలతో పనే లేదు, అక్కడ రబ్బరు మెత్తదనం, తక్కువ గాలి చూసుకోవాలి.

రెండు చక్రాలకీ ఒకే టైరు ఉండాలని ఎక్కడా లేదు. ముందు చక్రం జారితే పడతాం. వెనకది జారితే చాలాసార్లు సర్దుకుంటాం. అందుకని ముందు కొంచెం వెడల్పు, కొంచెం బుడిపెలు ఎక్కువున్నది. వెనక సాఫీగా దొర్లేది, సైడ్‌వాల్ గట్టిది.

జిగట మట్టి సంగతి వేరు. అది మొదలైతే ఏ టైరైనా ఒకటే. 2023 అన్‌బౌండ్‌లో మొదటి మైళ్లలోనే జిగురు మట్టి చక్రాల్ని బిగించేసి, పోటీదారులు సైకిళ్లని భుజాన మోసుకుంటూ నడిచారు. అలాంటి చోట రంగు కలిపే చెక్కపుల్ల ఒకటి జేబులో పెట్టుకుని, ఫోర్కు కింద మట్టిని గీకేవాళ్లున్నారు. మట్టి బిగిసిపోయాక బలవంతంగా తొక్కితే వెనక డిరైలర్ విరుగుతుంది. దిగి, గడ్డి పక్కగా నడవండి.

టైరు పని టైరు చేస్తుంటే మీరు చేయాల్సింది

వదులు రాళ్లలో హ్యాండిల్ గట్టిగా బిగించకండి. మోచేతులు వంచి, పట్టు వదులుగా ఉంచితే ముందు చక్రం తన దారి తనే వెతుక్కుంటుంది. బ్రేకు మలుపులోకి వెళ్లకముందే అయిపోవాలి. మలుపులో బయటి కాలు కింద, సైకిల్‌ని ఒంటికన్నా కొంచెం ఎక్కువ వంచండి. దిగుడులో చేతులు డ్రాప్స్‌లోకి (హ్యాండిల్ కిందికి వంగిన భాగం) తెస్తే బ్రేకు లీవరు మీద వేళ్లకి బలం దొరుకుతుంది. ఎక్కుడులో లేచి నిలబడితే వెనక చక్రం పట్టు తప్పుతుంది. కూర్చునే, ముందుకి కొంచెం వంగి తొక్కండి. ఇసుక కనపడగానే ముందే గేరు తేలిక చేసి, బరువు వెనక్కి వేసి, హ్యాండిల్ తిప్పకుండా తొక్కుతూనే ఉండండి. ఆగితే మళ్లీ కదలడం కష్టం. బండ్లు తిరిగి తిరిగి ముడతలు పడ్డ రోడ్డుకి మందు లేదు. అంచుల దగ్గర ముడత తక్కువుంటుంది, అక్కడికి జరగండి.

దారిలో కోత పడితే

చిన్న రంధ్రం నుంచి సీలెంట్ చిమ్ముతుంటే చక్రాన్ని తిప్పి ఆ రంధ్రం కిందికి వచ్చేలా పెట్టి కాసేపు ఆగండి. ఆగకపోతే రబ్బరు ప్లగ్గు గుచ్చండి. టైరులో గాలి పూర్తిగా పోకముందే గుచ్చితే సులువు. ప్లగ్గు తోక అర సెంటీమీటరు బయటికి ఉంటే చాలు, మిగతాది కోసేయండి. కార్బన్ డయాక్సైడ్ కాట్రిడ్జితో గాలి నింపితే కొన్ని రకాల సీలెంట్ గడ్డకడుతుంది, అందుకని చేతి పంపు కూడా దగ్గరుంచుకోండి.

సైడ్‌వాల్ పెద్దగా చీలితే ట్యూబు వేయక తప్పదు. ఇక్కడే తొందరపడతారు. ట్యూబ్‌లెస్ టైరు ఎన్నో నెలలుగా ముళ్లని మింగి, సీలెంట్‌తో మూసుకుని, మీకు చెప్పకుండా తిరుగుతూ ఉంటుంది. టైరు విప్పి లోపల చూస్తే పల్లేరు ముళ్ల మొనలు, తుమ్మ ముళ్ల కొసలు వరసగా పొడుచుకుని కనిపిస్తాయి. వాటిని అలాగే ఉంచి ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. ఒక గుడ్డ తీసుకుని లోపలంతా మెల్లగా తుడుస్తూ పోండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లుంది, వేలు పెట్టి వెతకకండి. ముళ్లన్నీ లాగేశాక ట్యూబ్‌లెస్ వాల్వు విప్పి తీయండి. చీలిక లోపలివైపు పాత టైరు నుంచి కోసిన ముక్క ఒకటి అడ్డం పెట్టండి. అలాంటిది లేకపోతే దళసరి ప్లాస్టిక్ కవరు రెండు మడతలు వేసి పెట్టినా ఇంటిదాకా వస్తుంది. అప్పుడు ట్యూబు వేసి కొంచెం గాలి పట్టించండి. ట్యూబు ఎక్కడా అంచు కింద నలగలేదని చుట్టూ చూసి మిగతా గాలి కొట్టండి, మామూలుకన్నా 5 పీఎస్‌ఐ ఎక్కువ. రెండో ట్యూబు లేకపోతే పెద్ద రాళ్లొచ్చిన చోట దిగి నడవండి.